గాలిని కొబ్బరికాయల్లా లెక్కపెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుల వారికి,



మా అమలాపురం గడియార స్తంభం దగ్గర నిలబడి సరిగ్గా ఈశాన్యానికి ఒక దారం లాగామనుకోండి. అది కోరంగి మడ అడవుల మీదుగా సముద్రం ఎక్కి, కాకినాడను ఎడమ చేతికి వదిలేసి, సుమారు 180 కిలోమీటర్ల అవతల విశాఖపట్నంలో తేలుతుంది. సంక్రాంతి రోజుల్లో మాకు గాలి ఎక్కువగా ఆ దారం వెంటే వస్తుంది. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున నడిచినా, రాత్రి భోజనాల వేళ విశాఖలో లేచిన పొగ తెల్లవారేసరికి ఓడలరేవు ఒడ్డుకు చేరుతుంది. సముద్రం మీద దానికి అడ్డం ఒక కొండ లేదు, తోపు లేదు. ఉన్నదల్లా నీళ్లు, ఆ నీళ్ల మీద తక్కువ ఎత్తులో తేలే మబ్బులు. ఆ మబ్బుల గురించే మీకు ఈ ఉత్తరం.

నేను హైస్కూల్లో ముప్ఫయ్యేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. దగ్గు గురించి, ఆయాసం గురించి, విశాఖ పాత ఊరి డాబాల మీద పేరుకునే నల్ల దుమ్ము గురించి మీకు అర్జీలు వస్తూనే ఉంటాయి. అవన్నీ న్యాయమైనవే, ముందు చూడవలసినవే. నా మాట వాటి తర్వాతది. పొగ ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లిపోతే పీడ వదిలింది అనుకుంటాం. అలా వెళ్లిపోయిన పొగ అక్కడ ఏం చేస్తోందో కూడా మీ లెక్కల్లోకి రావాలని నా కోరిక.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా ఒక ప్రయోగం చేసి చూపించేవాణ్ణి. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో అడుగున కాసిని గోరువెచ్చటి నీళ్లు పోసి, మూత బిగించి, రెండు చేతులతో గట్టిగా నొక్కి ఒక్కసారిగా వదలాలి. వదలగానే లోపలి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. తేమ చుక్క కట్టాలి. కానీ సీసాలో గాలి శుభ్రంగా ఉంటే ఏమీ కనిపించదు. పిల్లలు నా మొహం చూస్తారు. అప్పుడు మూత తీసి, ఒక అగ్గిపుల్ల గీసి ఆర్పి, ఆ పొగ కాస్త లోపలికి పోనిచ్చి, మళ్లీ మూత పెట్టి నొక్కి వదిలేవాణ్ణి. ఈసారి సీసా నిండా తెల్లటి మబ్బు. నొక్కితే మాయం, వదిలితే ప్రత్యక్షం. వెనకనుంచి టార్చిలైటు వేస్తే పాలు పోసినట్టు ఉండేది. తర్వాత అగరుబత్తి వెలిగించి పొగ ఇంకా ఎక్కువ పట్టించేవాణ్ణి. నీళ్లు అవే, సీసా అదే. మబ్బు మాత్రం మరింత తెల్లగా, మరింత చిక్కగా వచ్చేది, తొందరగా దిగేది కాదు.

ఒక ఏడాది వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారండీ, పొగ లేకపోతే మబ్బే ఉండదాండీ? అలాగైతే పొగ మంచిదే కదండీ?"

ఆ ప్రశ్నకు ఆ రోజు తరగతిలో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం చెప్పడానికి మీ మండలి సాయం కావాలి.

సగం జవాబు ఇది. మబ్బుకు విత్తనం కావాలి. గాలిలో ఒక్క కణమూ లేకపోతే, తేమ నూరు శాతం దాటి కొన్ని రెట్లు పెరిగితే తప్ప నీటి ఆవిరి తనంతట తాను చుక్క కట్టలేదు. ఈ సంగతి మన పెద్దలకు ఎలా తోచిందో గాని, అమరకోశంలో మేఘానికి ఉన్న పేర్లలో ధూమయోని ఒకటి. పొగలోంచి పుట్టినది అని అర్థం. సముద్రం మీద ఆ విత్తనాలను చాలావరకు సముద్రమే చల్లుకుంటుంది. అలలు విరిగినప్పుడు ఎగిరే ఉప్పు, నీటిలోని సూక్ష్మ జీవాలు వదిలే గంధకపు వాయువు నుంచి తయారయ్యే కణాలు, ఇవి దాని సొంత గింజలు. మనిషి పొగ సోకని సముద్రపు మబ్బులో ఒక ఘన సెంటీమీటరుకు, అంటే కుంకుడు గింజ పట్టేంత చోటులో, చుక్కలు వంద లోపే ఉంటాయి. అదే మబ్బు మీదికి నగరం పొగ వస్తే ఆ లెక్క వందల్లోకి పోతుంది.

మబ్బులో నీళ్లు మాత్రం పెరగవు. ఉన్న నీళ్లనే ఎక్కువ చుక్కలు పంచుకోవాలి. పండక్కి ఇంట్లో కొబ్బరి లౌజు చేసి ఒక పెద్ద ఉండ కట్టారనుకోండి. దాన్నే ఎనిమిది చిన్న ఉండలు చేస్తే కొబ్బరి పెరగదు, బెల్లం పెరగదు. కానీ ఒక్కో ఉండ అడ్డుకొలత సగమవుతుంది, అన్నిటి పైతలం కలిపితే రెట్టింపవుతుంది. మబ్బు ఎండను తిప్పికొట్టేది ఆ పైతలంతోనే. అందుకే పొగ పట్టిన మబ్బు మామూలు మబ్బు కంటే తెల్లగా మెరుస్తుంది. ఇది 1974లో ష్యాన్ ట్వోమీ అనే శాస్త్రవేత్త తేల్చి చెప్పిన విషయం. అంతకు ముందే, 1967లో, ఆయనా వార్నర్ అనే మరొకాయనా ఆస్ట్రేలియాలో చెరకు తోటలు తగలబెట్టినప్పుడు లేచే పొగను విమానంలోంచి పరీక్షించి, ఆ పొగ కలిసిన మబ్బుల్లో చుక్కల సంఖ్య పెరగడం చూశారు. చెరకాకు మంట అక్కడ చేసింది, మా దగ్గర కోతలయ్యాక గడ్డికీ దుబ్బుకీ పెట్టే మంట చేయదని అనుకోను.

రెండో సంగతి వాన. మబ్బులోని చుక్క మన వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక్క వాన చినుకు. చుక్కలు పెద్దవైతే ఒకదానికొకటి తగిలి, కలిసి, బరువెక్కి తుప్పరగా దిగుతాయి. మరీ చిన్నవైతే గాలితోపాటే తప్పుకుని తిరుగుతాయి, తగలవు. 1989లో బ్రూస్ ఆల్బ్రెక్ట్ ఈ మాటే రాశాడు: కణాలు పెరిగితే సముద్రపు మబ్బు తుప్పర తగ్గించుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. నడిసముద్రంలో ఓడల వెనక మబ్బుల్లో పడే తెల్లటి చారలు 1960ల నుంచీ ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తున్నాయి. ఒక్క ఓడ పొగ గొట్టమే మబ్బు మీద వందల కిలోమీటర్ల గీత గీయగలిగితే, ఓడలు, రిఫైనరీ, ఉక్కు ఫ్యాక్టరీ, థర్మల్ కేంద్రం అన్నీ ఒక్కచోట ఉన్న తీర నగరం మాటేమిటి?

ఇంతవరకు చెప్పినది గంధకపు పొగ, అంటే సల్ఫేట్ కణాల కథ. మసి కథ దీనికి ఎదురు. సల్ఫేట్ ఎండను తిప్పికొడుతుంది, మసి ఎండను మింగి వేడెక్కుతుంది. మబ్బు ఉన్న పొరలోనే మసి కూడా ఉంటే, ఆ వేడికి గాలి పొడిబారి మధ్యాహ్నానికల్లా మబ్బు కరిగిపోతుంది. ఇది ఎక్కడో కాదు, మన సముద్రం పక్కనే బయటపడింది. 1999 జనవరి నుంచి మార్చి దాకా వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ నాయకత్వంలో ఇండోఎక్స్ అనే పెద్ద పరిశోధన జరిగింది. మాల్దీవులు స్థావరంగా విమానాలు, ఓడలు, ఉపగ్రహాలతో వెతికారు. ఉత్తర హిందూ మహాసముద్రం మీద, బంగాళాఖాతం కూడా కలుపుకుని, మూడు కిలోమీటర్ల మందాన గోధుమరంగు పొగతెర కనిపించింది. సముద్రానికి అందే ఎండలో పదో వంతు దాకా అది కాజేస్తోందని లెక్క తేలింది. ఆ తెరలోని మసి వేడికి చిన్న మబ్బులు పగటిపూట తగ్గిపోగలవని ఆ కొలతల ఆధారంగానే 2000లో ఏకర్‌మన్ బృందం చూపించింది.

తర్వాత మన ఇస్రో కూడా ఐకార్బ్ పేరుతో సాగరకన్య ఓడను రెండుసార్లు బంగాళాఖాతంలో తిప్పింది. 2006లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి, 2008 డిసెంబరు చివరి నుంచి 2009 జనవరి దాకా మరోసారి. చలికాలంలో భూమి మీది పొగ గాలితోపాటు బంగాళాఖాతంలోకి దిగుతోందని ఆ రెండో ప్రయాణం కళ్లకు కట్టింది. గంగా మైదానం పొగే అందులో పెద్ద వాటా, నిజమే. మన తీర నగరాల పొగ దారిలో దానికి తోడవుతుంది.

కాలిఫోర్నియా, పెరూ, నమీబియా తీరాల్లో చల్లటి సముద్రం మీద దుప్పటి పరిచినట్టుండే మబ్బు మనకు లేదు. మనది వెచ్చటి సముద్రం. శీతాకాలంలో మన దగ్గర కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోపు ఎత్తులో దూదిపింజల్లా విడివిడిగా ఉండే మబ్బులే ఎక్కువ. ఒక్కొక్కటి చూస్తే చిన్నది, దాని ఆయుష్షు గంట కూడా ఉండదు. కానీ అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఈ సముద్రం మీద ఎండను ఆపేవీ వదిలేవీ అవే. సముద్రం ఎంత కాగుతుందో, ఎంత ఆవిరి వదులుతుందో అన్న లెక్కలో వాటికి వాటా ఉంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో దక్షిణాసియా రుతుపవనాల వాన తగ్గడానికి ప్రధాన కారణం మనిషి వదిలిన కణాలేనని 2011లో బొల్లాసినా, మింగ్, రామస్వామి కంప్యూటర్ నమూనాలతో చూపించారు. సార్వా నాట్లకు ఆకాశం వైపు, కాలువ వైపు చూసే జిల్లా మాది. ఇది మాకు పుస్తకాల్లో చదివి పక్కన పెట్టే విషయం కాదు.

మెరిపించే సల్ఫేటు, కరిగించే మసి, రెండూ ఒకే గాలిలో మా మీదుగా పోతున్నాయి. ఏ రోజు ఏది గెలుస్తుందన్నది మసి పాలు ఎంత, అది మబ్బు పైన ఉందా మబ్బులో ఉందా, గాలిలో తేమ ఎంత అన్న వాటి మీద ఆధారపడుతుంది. భూమి వేడిని మనిషి ఎంత మార్చాడన్న లెక్కలో అన్నిటికంటే తేలనిది ఈ కణాలకూ మబ్బులకూ ఉన్న సంబంధమేనని ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2021 నివేదిక కూడా చెప్పింది. ఫలానా పొగ గొట్టం వల్ల ఫలానా వాన ఆగిందని నేను అనడం లేదు. కొలిస్తే తప్ప తేలని విషయం ఇది. కొలత మీ చేతిలో ఉంది కనుకే మీకు రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 నగరాలు, పట్టణాలు ఉన్నాయి. విశాఖ ఉంది, రాజమహేంద్రవరం ఉంది. కాకినాడ లేదు, అమలాపురం లేదు. ఉన్న ఊళ్లలోనైనా ఆ కార్యక్రమం పనితీరును ప్రధానంగా చూసేది పీఎం 10తో. అంటే పది మైక్రాన్ల లోపు దుమ్మంతా పోగేసి తూకం వేస్తారు. రోడ్లు ఊడ్చి నీళ్లు చల్లితే ఆ తూకం తగ్గుతుంది. జనం ముక్కుకు అది కొంత మేలే. అయితే మబ్బుకు విత్తనమయ్యే కణం అడ్డుకొలత సుమారు మైక్రానులో పదో వంతు. పది మైక్రాన్ల దుమ్మురేణువు ఒక్కటి తూగేంత బరువు రావాలంటే అలాంటి కణాలు పది లక్షలు కావాలి. దుమ్ము బరువైనది గనుక లేచిన చోటికి దగ్గర్లోనే దిగిపోతుంది, పాత ఊరి డాబాల మీద కనిపించేది అదే. సముద్రం దాటేది, వాన పడని రోజుల్లో వారం పాటు గాలిలో నిలిచేది, కంటికి కనిపించని సన్న కణం. తక్కెడలో అది ఉన్నా లేనట్టే.

మా కోనసీమలో కొబ్బరికాయను తూకం వేయం, లెక్కపెడతాం. దింపు అయ్యాక తోటలో రాశి పోసి, వెయ్యికి ఇంత అని బేరం. అంబాజీపేట మార్కెట్లో ధర పలికేదీ అలాగే. ఎందుకంటే వాడేవాడికి కావలసింది కాయ. గుడిలో కొట్టేది ఒక కాయ, పచ్చడికి కొట్టేది ఒక కాయ. మబ్బుకూ అంతే. దానికి కణం బరువుతో పని లేదు, ఎన్ని ఉన్నాయన్నదే దానికి కావాలి. 1880ల్లోనే స్కాట్లండులో జాన్ ఎయిట్కెన్ ఒక చిన్న పెట్టెలో తేమగాలిని చల్లబరిచి, కణం కణం మీదా నీటి చుక్క కట్టించి, ఆ చుక్కలను భూతద్దంతో లెక్కపెట్టాడు. నేను సీసాతో పిల్లలకు చూపించింది దాదాపు ఆ పనే. ఇప్పుడు ఆ పని చేసే యంత్రాలున్నాయి. మబ్బు విత్తనాలను లెక్కపెట్టేది ఒకటి, మసిని విడిగా కొలిచేది మరొకటి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇస్రో కణ పరిశీలన కేంద్రం ఉంది, గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, విశాఖలోనూ మచిలీపట్నంలోనూ డాప్లర్ రాడార్లున్నాయి. మనుషులూ ఉన్నారు, విద్యా ఉంది. విశాఖ పొగ వచ్చి తాకే ఒడ్డున నిలబడి, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుంటూ ఏడాది పొడవునా లెక్కపెట్టే పనిని మీ మండలి తన పనిగా తీసుకోవాలి.

ఆ అమ్మాయి ప్రశ్నలో రెండో ముక్కకు కూడా జవాబు చెప్పాలి. పొగ మబ్బును మెరిపించి సముద్రాన్ని చల్లగా ఉంచితే మంచిదే కదా అని ఈ రోజుల్లో పెద్ద పెద్దవాళ్లే అంటున్నారు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించారు. ఓడల వెనక మబ్బు చారలు తగ్గిపోయాయి. ఆ మేరకు సముద్రం మీద ఎండ పెరిగి వేడి తోడైందని చర్చ నడుస్తోంది. అందువల్ల గంధకం ఉండనిద్దాం అంటే నేను ఒప్పుకోను. ఆ గంధకాన్ని ముందు పీల్చేది విశాఖ గాజువాకలోని పసిపిల్ల. ఎండకు గొడుగని చెప్పి ఆ పిల్ల ఊపిరితిత్తుల్లో పొగ నింపే హక్కు ఎవరికీ లేదు. ఓడల అనుభవం నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది. గంధకం తగ్గించేటప్పుడు మసిని కూడా దానితోపాటే, వీలైతే దానికంటే ముందే తగ్గించాలి. మసి పోతే ఊపిరీ బాగుపడుతుంది, మబ్బూ నిలుస్తుంది, వేడీ తగ్గుతుంది. మన దగ్గర జరుగుతున్నది చూస్తే రెండూ ఉండిపోయేట్టున్నాయి. థర్మల్ కేంద్రాల గంధకానికి 2015 డిసెంబరులో కేంద్రం పరిమితి పెట్టింది. గడువులు ఒకదాని మీద ఒకటి జరిగాయి. 2025 జులైలో దేశంలోని చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు.

విశాఖ మీదే అంతా తోసేయడం కూడా ధర్మం కాదు. మా చేతులకూ మసి ఉంది. రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా తిరిగే డీజిల్ ఇంజన్లు మావి. గడ్డి మంటలు మావి. గ్యాస్ బావులున్న గడ్డ మాది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బద్దలై లేచిన మంట 65 రోజులు ఆరలేదు. ఆ రాత్రులు మాకు దీపాలు అక్కర్లేకపోయాయి. కాళ్ల కింద నేల అదురు, చెవుల్లో హోరు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న రోజుల్లో ఆ పొగ ఎటు పోయిందని మాలో ఎవరం అడగలేదు. భౌతికశాస్త్రం చెప్పే నేనూ అడగలేదు. అది కూడా జనవరి నుంచి మార్చి దాకానే, చాలావరకు ఈ ఈశాన్య గాలి రోజుల్లోనే. ఇప్పుడు జనవరిలో ఓడలరేవు ఒడ్డుకు వెళ్లి తూర్పుకేసి నిలబడితే అప్పుడు అడగనిది గుర్తొస్తుంది. పొద్దు నీళ్లలోంచి రాదు. నీళ్లకు జానెడు పైన, మట్టిరంగు చారలోంచి వస్తుంది. బారెడు ఎక్కేదాకా దాన్ని కన్నార్పకుండా చూడవచ్చు. ఆ చార మీద వరసగా చిన్న చిన్న మబ్బులు, పైన తెలుపు, అడుగున మాసిన రంగు. ఎనిమిది, తొమ్మిది గంటలకు మళ్లీ చూస్తే అక్కడ మబ్బులు పలచబడి ఉంటాయి. ఎండకు సహజంగా కరిగాయా, మసి కరిగించిందా? ఒడ్డున నిలబడి కళ్లతో చూసి చెప్పగలిగేది కాదు.

అందుకని నా విన్నపం ఇది. ఓడలరేవు గాని, అంతర్వేది గాని, సముద్రం ఎదురుగా ఉన్న ఒక చోట కణాలను సంఖ్యలో లెక్కపెట్టే యంత్రాన్నీ మసిని కొలిచే యంత్రాన్నీ పెట్టించండి. జతగా విశాఖలో సముద్రం వైపు ఒకటి, కాకినాడలో ఒకటి ఉంటే, బయల్దేరినప్పుడు ఎంత, చేరినప్పుడు ఎంత అన్నది తెలుస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారినీ గాదంకి వారినీ పిలిచి ఆ లెక్కలు వాళ్ల చేతిలో పెట్టండి, మబ్బుల సంగతి వాళ్లు చూస్తారు. ఏ రోజు లెక్క ఆ రోజు తెలుగులో మాకు కనపడేట్టు ప్రకటించండి. ఫ్యాక్టరీలకూ రేవులకూ మీరిచ్చే అనుమతి పత్రాల్లో దుమ్ము బరువుతోపాటు మసి మాట కూడా రాయించండి. రేవులో ఆగిన ఓడలు తమ ఇంజన్లు ఆపి ఒడ్డు కరెంటు వాడుకునేలా చూడండి.

ఈశాన్య గాలి అక్టోబరు రెండో సగంలో తిరుగుతుంది. అప్పటికి ఒక్క యంత్రమైనా ఒడ్డుకు చేరితే చాలు. అది పెట్టుకోవడానికి ఒక గది, దాని బాగోగులు చూడటానికి నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఈ ఊళ్లలోనే సైన్సు చెబుతున్న మాస్టార్లు సిద్ధంగా ఉన్నారు. రోజూ పొద్దున్నే వెళ్లి లెక్క రాసి పంపే పని నాకు అప్పగించండి, చేస్తాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక రిటైర్డు సైన్సు మాస్టారు
అమలాపురం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా